మనిషి గురించి రాసే కాగితం



ఈ పత్రికలో మీరు సాధారణంగా షుగరు గురించి, బి.పి. గురించి, పిల్లల టీకాల గురించి చదువుతుంటారు. ఈసారి ఒక కాగితం గురించి రాస్తున్నాం. అది మందుల చీటీ కాదు, రక్త పరీక్ష రిపోర్టూ కాదు. పైన ఉన్నవారు తమ కింద పనిచేసేవారి గురించి రాసే కాగితం. వార్డు ఇన్‌ఛార్జి సిస్టరు ఒక నర్సు మీద రాసే రిపోర్టు, హాస్టలు వార్డెను వంటమనిషికి ఇచ్చే మెమో, హెడ్మాస్టరు అటెండరు గురించి పంపే ఫిర్యాదు, ఇవన్నీ ఆ కాగితాలే.

ఇది ఆఫీసు వ్యవహారం కదా, ఆరోగ్య పత్రికలో ఎందుకు అని మీకు అనిపించవచ్చు. ఎందుకో చెబుతాం.

ఆ మధ్య నెమలి నుంచి ఒక తండ్రి మా ఓ.పి.కి వచ్చారు. జ్వరమో దగ్గో అనుకున్నాం. ఆయన జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, "ఇది కాస్త చదివి చెప్పండయ్యా, ఇంగ్లీషులో ఉంది" అన్నారు. ఆయన కూతురు నర్సింగు చదువుకుని, పట్నంలో ఒక ఆసుపత్రిలో చేరి ఎనిమిది నెలలైంది. చదువు కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఆ అమ్మాయికి వచ్చిన మెమో అది. మీ ప్రవర్తన సంతృప్తికరంగా లేదు, పనిలో అశ్రద్ధ కనబడుతున్నది, పద్ధతి మార్చుకోని పక్షంలో తగిన చర్య తీసుకోబడుతుంది. మూడే ముక్కలు. తెలుగులో చెప్పాం. ఆయన కాసేపు ఆగి, "ఇంకొక్కసారి చదవండి" అన్నారు. చదివాం. "మా అమ్మాయి ఏం చేసిందో అందులో ఎక్కడుందండీ?" అని అడిగారు. మేము ఏదో వాక్యం వదిలేసి చదివామని ఆయన అనుమానం. మేము ఏదీ వదల్లేదు. ఆ సంగతి కాగితంలోనే లేదు.

ఆ ఆసుపత్రి పేరు మనకు అనవసరం. ఎందుకంటే ఆయన వెళ్ళిన తరువాత మేము మా బీరువా తెరిచి, మేము రాసిన పాత మెమోలు చూసుకున్నాం. "క్రమశిక్షణ లేదు", "మాట వినదు", "పేషెంట్లతో ప్రవర్తన బాగా లేదు", "ఎన్నిసార్లు చెప్పినా మారడు" అని ఉన్నాయి. ఎన్నిసార్లు చెప్పాం? ఏ రోజున? ఏ పేషెంటుతో? ఆ పేషెంటును ఏమన్నాడు? మా కాగితాల్లోనూ లేదు. ఆ తండ్రి మమ్మల్నే అడిగి ఉంటే మా దగ్గరా జవాబు లేదు.

అందుకని ముందు మాకు మేము చెప్పుకుంటూ, మీతోనూ ఈ మాట పంచుకుంటున్నాం. పనివారి గురించి రాసేటప్పుడు ఆ మనిషి ఎలాంటివాడో తీర్పు రాయకూడదు, ఏం జరిగిందో రాయాలి. రాసింది ఆ మనిషికి చూపించాలి. ఇదీ మా అభిప్రాయం.

కేస్ షీటు చూసి నేర్చుకుందాం

వార్డులో మంచం కాళ్ళవైపు తగిలించిన చార్టు మీరు చూసే ఉంటారు. "రోగి బాగా లేడు" అని రాసేసి డాక్టరుగారు వెళ్ళిపోరు. ఉదయం 6 గంటలకు జ్వరం 102, రాత్రి రెండుసార్లు వాంతి, ఫలానా మందు ఇచ్చాం, 10 గంటలకు జ్వరం 100 అని అందులో ఉంటుంది. అలా ఉంటేనే రాత్రి డ్యూటీకి వచ్చిన డాక్టరు, ఆ రోగిని అంతకుముందు చూడకపోయినా, ఏం చేయాలో తెలుసుకోగలుగుతారు. కేస్ షీటులో నాలుగు సంగతులు ఉంటాయి: బాధ ఏమిటి, పరీక్షలో ఏం కనిపించింది, ఏ వైద్యం చేశాం, తరువాత ఎలా ఉంది.

ఇంత జాగ్రత్తగా చార్టు రాసే సిస్టరే తోటి నర్సు గురించి రాయాల్సి వచ్చేసరికి "అశ్రద్ధ" అని ఒక్క మాట రాసి సంతకం పెడతారు. అశ్రద్ధ అనేది రోగం పేరు. అసలు ఏం జరిగిందో కూడా రాయకుండా రోగం పేరు పెడితే ఎలా?

ఒక ఉదాహరణ చూద్దాం. "రాత్రి డ్యూటీలో అశ్రద్ధగా ఉన్నారు" అనే వాక్యాన్ని కేస్ షీటు పద్ధతిలో రాస్తే ఇలా ఉండవచ్చు: "14వ తేదీ రాత్రి 2 గంటలకు రౌండుకు వెళ్ళినప్పుడు 7వ మంచం రోగికి సెలైన్ సీసా ఖాళీ అయి ఉంది. సిస్టరు దగ్గరలో లేరు. అడిగితే, 21వ మంచం రోగికి ఆయాసం వస్తే అక్కడ ఉన్నానని చెప్పారు. ఆ రోగి కేస్ షీటులో 1.40కి ఆక్సిజన్ పెట్టినట్టు ఉంది. ఆ రాత్రి వార్డులో 26 మంది రోగులు, ఒక్కరే సిస్టరు."

రెండూ ఒకే రాత్రి గురించి రాసినవే. మొదటిది పైకి వెళితే ఒక సిస్టరుకు మెమో వస్తుంది, మరుసటి వారం మళ్ళీ ఒకరి సీసా ఖాళీ అవుతుంది. రెండోది పైకి వెళితే రాత్రి డ్యూటీకి ఇంకొకరిని వేయాలన్న సంగతి తెలుస్తుంది. 7వ మంచం మీద ఉన్నది మన నాన్నగారైతే ఏ కాగితం పైకి వెళ్ళాలని కోరుకుంటాం? ఈ విషయం ఆరోగ్య పత్రికలోకి రావడానికి కారణం ఇదే.

పౌలు గురించి రెండు కాగితాలు

అపొస్తలుల కార్యములు చదివేవారికి క్లౌదియ లూసియ అనే సహస్రాధిపతి తెలుసు. యెరూషలేములో అల్లరి జరిగినప్పుడు అతడు పౌలును పట్టుకుని రెండు సంకెళ్ళు వేయించాడు, కొరడాలతో కొట్టి విచారించమన్నాడు. కొట్టబోతుండగా పౌలు రోమా పౌరుడని తెలిసి భయపడ్డాడు. తరువాత అధిపతియైన ఫేలిక్సుకు ఒక పత్రిక రాశాడు. అది 23వ అధ్యాయంలో ఉంది. అందులో, ఈ మనిషి రోమీయుడని తెలుసుకుని సైనికులతో వెళ్ళి తప్పించానని రాసుకున్నాడు. సంకెళ్ళ సంగతి లేదు, కొరడాల సంగతి లేదు. ముందు జరిగింది వెనక్కి, వెనక తెలిసింది ముందుకు వెళ్ళింది. పౌలు మరణానికి తగిన నేరం చేయలేదని కూడా అతడు రాశాడు, ఆ మాట నిజమే. కానీ తన తప్పు మాత్రం కాగితం మీద పడనివ్వలేదు.

రెండేళ్ళు గడిచాయి. ఫేలిక్సు స్థానంలో ఫేస్తు వచ్చాడు. పౌలు కైసరు ఎదుట చెప్పుకుంటానన్నాడు. ఇప్పుడు ఫేస్తు కైసరుకు రాయాలి. 25వ అధ్యాయం చివర అతడు అగ్రిప్పతో తన చిక్కు చెప్పుకుంటాడు. ఈ మనిషి గురించి ఖచ్చితంగా రాయడానికి నా దగ్గర ఏమీ లేదు, నేరం ఏమిటో చెప్పకుండా ఖైదీని పంపడం సరికాదు అన్నది అతని మాటల సారాంశం. ఫేస్తు గొప్ప నీతిమంతుడని మేము అనడం లేదు. యూదుల మెప్పు కోసం పౌలును యెరూషలేముకు పంపాలని చూసినవాడే. అయినా రాయడానికి ఏమీ లేనప్పుడు లేదని ఒప్పుకున్నాడు, రాసే ముందు ఆ మనిషిని పిలిపించి అతని మాట విన్నాడు.

మనం మెమో రాయడానికి కూర్చున్నప్పుడు ఈ రెండు కాగితాలు గుర్తు చేసుకోవాలి. ఇందులో నేను దాచిన నా తప్పు ఏదైనా ఉందా? ఖచ్చితంగా రాయడానికి నా దగ్గర ఏమైనా ఉందా?

నెలకొకసారి రాసిన పట్టిక

నర్సుల పని గురించి పద్ధతిగా రాయడం కొత్త సంగతి కాదు. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరున నర్సుల శిక్షణ పాఠశాల మొదలైంది. అక్కడ మేట్రనుగా ఉన్న వార్డ్రోపర్ అమ్మగారు ప్రతి విద్యార్థిని గురించి నెలనెలా ఒక పట్టిక నింపేవారు. సమయపాలన, నెమ్మదితనం, నమ్మకం, శుభ్రత, వార్డు నిర్వహణ అని కొన్ని గడులు. గాయాలకు కట్టు కట్టడం వంటి చేతి పనులకు వేరే గడులు.

ఆ పట్టికలో మెచ్చుకోదగింది ఏమిటంటే, కోపం వచ్చిన రోజున కాకుండా ప్రతి నెలా రాసేవారు, అందరి గురించీ రాసేవారు. దేనిని చూస్తారో ముందే తెలిసి ఉండేది. లోపం కూడా ఉంది. "నమ్మకం" అనే గడిలో ఒక మార్కు వేస్తే, ఆ మార్కు ఎందుకు వచ్చిందో చదివేవారికి తెలియదు. గడిలో మార్కుతో పాటు జరిగిన సంగతి ఒక్క వాక్యం ఉంటే ఆ లోపం తీరుతుంది.

రాసేవారికి కొన్ని సూచనలు

మన సంఘాల్లో చాలామంది ఎక్కడో ఒకచోట పది మందిని నడిపించేవారే. బడిలోనో, హాస్టలులోనో, దుకాణంలోనో మీ కింద మనుషులు ఉంటారు. అందుకని ఈ సూచనలు ఆసుపత్రి వారికి మాత్రమే అనుకోవద్దు.

1. అదే రోజు రాయండి. డ్యూటీ దిగే ముందు ఐదు నిమిషాలు చాలు. తేదీ, వేళ, చోటు ఉండాలి. మూడు నెలల తరువాత జ్ఞాపకం తెచ్చుకుని రాస్తే, జరిగిన సంగతి తగ్గి మన కోపం పెరుగుతుంది.

2. చూసింది వేరు, విన్నది వేరు. మీరు కళ్ళారా చూసింది "చూశాను" అని రాయండి. ఎవరైనా చెబితే, ఎవరు చెప్పారో రాయండి. ఆకాశరామన్న ఉత్తరం వస్తే దాన్ని పట్టుకుని మెమో ఇవ్వకండి. విచారించండి, దొరికింది రాయండి.

3. ఆ మనిషికి ముందు చెప్పామా? ఇంజెక్షను సూదిని మూత పెట్టకుండా నేరుగా సూదుల డబ్బాలో వేయాలని ఆయాకు ఎవరూ నేర్పకపోతే, ఆమె తప్పు కన్నా మన తప్పు పెద్దది. ఎప్పుడు నేర్పామో, ఎవరు నేర్పారో కూడా రాయండి.

4. వారి సంజాయిషీని వారి మాటల్లోనే రాయండి. "ఏదో సాకు చెప్పింది" అని రాయకండి. ఆమె ఏం చెప్పిందో రాయండి. సాకో కాదో చదివేవారు తేల్చుకుంటారు.

5. ఏం మారాలో, ఎప్పటిలోగా మారాలో, మనం ఏ సాయం చేస్తామో రాయండి. "పద్ధతి మార్చుకోవాలి" అంటే ఎవరికీ అర్థం కాదు. "ఉదయం 7.45కల్లా వార్డులో ఉండి రాత్రి సిస్టరు దగ్గర రోగుల వివరాలు అప్పగింత తీసుకోవాలి, నెల తరువాత మళ్ళీ మాట్లాడుకుందాం" అంటే అర్థమవుతుంది. నెల తరువాత బాగుపడితే ఆ మాట కూడా అదే కాగితం కింద రాయండి. రోగం రాసి, నయమైన సంగతి రాయకుండా వదిలేస్తే ఆ మనిషి ఎప్పటికీ రోగిగానే ఉండిపోతాడు.

6. ఆ మనిషి చదువుకోగలిగిన భాషలో రాయండి. మన దగ్గర ఆయాకు, స్వీపరుకు, వాచ్‌మనుకు కూడా ఇంగ్లీషులోనే మెమో ఇచ్చే అలవాటు ఉంది. రాసేవారికీ ఆ భాష అంతంత మాత్రమే కాబట్టి ఎక్కడో చూసిన పెద్ద మాటలు తెచ్చి పెడతారు. తెలుగులో రాయాల్సి వస్తే "ఏం జరిగింది" అని మనల్ని మనమే అడగక తప్పదు. చదవడం రానివారికి వారు నమ్మే మనిషి ఎదుట చదివి వినిపించి, ఆ తరువాతే వేలిముద్ర తీసుకోండి.

7. మంచి కూడా రాయండి. చాలా ఫైళ్ళలో చేరిన రోజు కాగితం ఒకటి ఉంటుంది, తరువాత అన్నీ మెమోలే. మధ్యలో పదేళ్ళు నమ్మకంగా పనిచేసిన సంగతి ఎక్కడా ఉండదు. కాన్పు గదిలో ఏడవని బిడ్డకు సమయానికి ఊపిరి అందించిన సిస్టరు గురించి ఎవరు రాశారు? తప్పుకు తేదీ వేసినట్టే మంచికీ తేదీ వేయాలి.

రాయకూడని సంగతులు

కొన్ని సంగతులు ఆ కాగితంలోకి రానే రాకూడదు. మనిషి కులం, ఇంటి గొడవలు, పెళ్ళి, గర్భం, అప్పులు, ఇవేవీ పనిలో తప్పు కిందికి రావు. జబ్బు సంగతి మరీ జాగ్రత్త. ఒక ఉద్యోగికి హెచ్.ఐ.వి. ఉందని మెమోలోనో రిపోర్టు బుక్కులోనో రాయడం పాపమే కాదు, చట్టవిరుద్ధం కూడా. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ఆ కారణంతో ఉద్యోగంలో వివక్ష చూపకూడదని, సమ్మతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదని చెబుతోంది.

సంఘం నడిపే సంస్థల్లో ఉన్నవాళ్ళం కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. "ఆదివారం ఆరాధనకు రాడు", "ప్రార్థనలో కనబడదు" అని పని రిపోర్టులో రాసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది సరికాదని మా అభిప్రాయం. ఆత్మీయ జీవితం గురించి కాపరి మాట్లాడవలసిన చోటు వేరు. సెలైన్ సరిగ్గా పెట్టిందా లేదా అని రాయవలసిన చోట దాన్ని కలిపితే రెండూ చెడతాయి.

ఆడవారిని లైంగికంగా వేధించిన ఫిర్యాదు వస్తే దాన్ని మామూలు మెమోతో సర్దేయకూడదు. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అందుకోసం ఒక కమిటీ ఉండాలి. జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు రాసి ఇవ్వాలి. రాయలేని స్థితిలో ఉంటే రాయడానికి కమిటీవారే సాయం చేయాలని ఆ చట్టంలోనే ఉంది. ఇన్‌ఛార్జి చేయవలసింది ఆమెను ఆ కమిటీ దగ్గరకు పంపడం, ఆమె మాట గోప్యంగా ఉంచడం.

చూపించని కాగితం

మన దేశంలో ప్రభుత్వ ఉద్యోగుల గురించి ఏటా రాసే రిపోర్టును చాలాకాలం రహస్య రిపోర్టు అనేవారు. దేవ్ దత్ అనే ఇంజనీరు సరిహద్దు రోడ్ల సర్వీసులో పనిచేసేవారు. ప్రమోషనుకు వరుసగా ఐదేళ్ళు "చాలా బాగుంది" అని ఉండాలి. 1993-94 సంవత్సరానికి ఆయన రిపోర్టులో "బాగుంది" అని మాత్రమే రాశారు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ప్రమోషను పోయింది. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2008 మే 12న కోర్టు తీర్పు చెప్పింది. చెడ్డగా రాసినవే కాదు, రిపోర్టులో ఏం రాసినా ఆ ఉద్యోగికి తెలియజేయాలని ఆ తీర్పు సారాంశం. అప్పటికి ఆయన రిటైరైపోయారు. 2009 మే నెలలో కేంద్ర ప్రభుత్వం, రిపోర్టు మొత్తం ఉద్యోగికి చూపించాలని, అభ్యంతరం చెప్పుకోవడానికి 15 రోజులు ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అదే మాటను స్థిరపరచింది.

ఆ తీర్పులు ప్రభుత్వ ఉద్యోగుల గురించి చెప్పినవి. సంఘాల ఆసుపత్రులు, బడులు వాటిని అక్షరాలా పాటించాలని ఎవరూ మనల్ని బలవంతం చేయకపోవచ్చు. కానీ మత్తయి సువార్త 18వ అధ్యాయం మనకు ఉంది. సహోదరుడు తప్పు చేస్తే మొదట అతని దగ్గరకే ఒంటరిగా వెళ్ళి చెప్పాలి, వినకపోతే ఒకరిద్దరు సాక్షులతో వెళ్ళాలి, ఆ తరువాతే సంఘానికి చెప్పాలి అన్న క్రమం ప్రభువు నేర్పిందే. మనం చాలాసార్లు ఆ క్రమాన్ని తలకిందులు చేస్తాం. ముందు కమిటీకి చెబుతాం, తరువాత నలుగురికి చెబుతాం, చివరికి ఆ మనిషికి మెమో రూపంలో తెలుస్తుంది.

అసలు రాయకపోతే?

"ఇదంతా ఎందుకండీ, క్షమించి వదిలేస్తే పోదా?" అని కొందరు పెద్దలు మాతో అన్నారు. వారి మనసు మంచిదే. అయితే ఆసుపత్రిలో వదిలేసిన ప్రతి తప్పు ఒక రోగి మంచం దగ్గరకే చేరుతుంది.

అమెరికాలో చార్లెస్ కల్లెన్ అనే నర్సు 2003 డిసెంబరులో అరెస్టయ్యాడు. పదహారేళ్ళ పాటు న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మారుతూ, రోగులకు ప్రాణాంతకంగా మందులు ఎక్కించాడు. 29 మందిని చంపినట్టు కోర్టులో ఒప్పుకున్నాడు. కొన్నిచోట్ల అనుమానం వచ్చింది, పని మానిపించారు. కానీ తరువాతి ఆసుపత్రికి ఆ సంగతి తెలియజేయలేదు. వ్యాజ్యం వేస్తాడేమోనని భయం. ఆ తరువాత 2005లో న్యూజెర్సీ ప్రభుత్వం ఇలాంటి సంగతులు ఆసుపత్రులు తెలియజేసి తీరాలని చట్టం చేసింది. ఇది అరుదైన ఘోరం. మన దగ్గర పనిచేసే సిస్టర్లను అలా చూడమని మేము చెప్పడం లేదు. అయితే ఖచ్చితంగా రాయడం చేతకానివారు చివరికి రాయకుండా ఊరుకుంటారని, ఊరుకుంటే ఎంతదూరం పోతుందో చూడమని ఇది చెబుతున్నాం. చిన్నస్థాయిలో మనమూ ఆ పని చేస్తాం. మందు తాగి డ్యూటీకి వచ్చే మనిషిని ఏమీ రాయకుండా ఇంకో వార్డుకు మారుస్తాం. ఆ వార్డులో ఉన్న రోగులు ఏం పాపం చేశారు?

పొరపాటు వేరు, నిర్లక్ష్యం వేరు అన్నది కూడా మరువరాదు. 1999లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఒక నివేదిక ఇచ్చింది. వైద్యంలో జరిగే పొరపాట్ల వల్ల ఆ దేశపు ఆసుపత్రుల్లో ఏటా 44,000 నుంచి 98,000 మంది దాకా చనిపోతున్నారని అంచనా వేస్తూ, వాటిలో ఎక్కువ భాగం చెడ్డ మనుషుల వల్ల కాక పని ఏర్పాటులోని లోపాల వల్ల జరుగుతున్నాయని చెప్పింది. ఒకేలా కనిపించే రెండు మందుల సీసాలు ఒకే అరలో ఉంటే ఈ రోజు ఒకరు పొరబడతారు, రేపు ఇంకొకరు. నిజం చెబితే వెంటనే మెమో ఇస్తామని భయపెడితే పొరపాట్లను దాచడం నేర్చుకుంటారు. కాబట్టి ఇంజెక్షను మారిపోయిందని సిస్టరు తనంతట తాను చెబితే, ముందు రోగిని చూడండి, తరువాత ఆ అరను చూడండి. ఆమె దాచకుండా చెప్పిన సంగతిని కూడా కాగితంలో రాయండి.

మీరు చేయగలిగింది

రోగులుగా, వారి బంధువులుగా మీరు రాసే ఫిర్యాదు కూడా ఒక మనిషి గురించి రాసే కాగితమే. ఫిర్యాదుల పెట్టెలో "ఆ సిస్టరు మంచిది కాదు" అనే చీటీలు వస్తుంటాయి. ఏ సిస్టరో, ఏ రోజో తెలియకుండా మేము ఏం చేయగలం? ఏ వార్డు, ఏ రోజు, సుమారు ఏ వేళ, ఏం జరిగింది, ఏమన్నారు అన్నది రాయండి. మీ పేరు రాయండి. మీ వైద్యానికి దానివల్ల ఏ లోటూ రాకుండా చూడవలసిన బాధ్యత ఆసుపత్రిది. డబ్బు అడిగినా, దురుసుగా మాట్లాడినా రాయండి. ఎవరైనా రాత్రంతా మీ అమ్మగారి పక్కన నిలబడితే అదీ రాయండి. అలాంటి చీటీ ఫైలులోకి వెళితే ఆ సిస్టరుకు ఎన్నో ఏళ్ళు ఉపయోగపడుతుంది.

సంఘ పెద్దలకు ఒక మనవి. మీ బంధువుకు మెమో వస్తే, రద్దు చేయమని అయ్యగారితో చెప్పించకండి. అందులో తేదీ ఉందా, సంగతి ఉందా, సంజాయిషీ అడిగారా అని అడగండి. అది అడిగే హక్కు ప్రతివారికీ ఉంది, సిఫారసు లేనివారికి కూడా.

నెమలి, గంపలగూడెం, తిరువూరు ప్రాంతాల నుంచి మన పిల్లలు విజయవాడకు, ఖమ్మానికి, హైదరాబాదుకు వెళ్ళి ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు. వారికి చెప్పండి. మెమో ఇస్తే భయపడి పారిపోవద్దు, కోపంతో చించవద్దు. తీసుకున్న తేదీ వేసి సంతకం పెట్టాలి. అర్థం కాకపోతే ఏం జరిగిందో చెప్పమని మర్యాదగా రాసి అడగాలి. తప్పు ఉంటే ఒప్పుకోవాలి, లేకపోతే జరిగింది రాయాలి. ఒక నకలు తన దగ్గర ఉంచుకోవాలి.

నెమలి నుంచి వచ్చిన ఆ తండ్రికి మేము చెప్పింది ఇదే. అమ్మాయి అలాగే రాసింది: ఏ తేదీన, ఏ వార్డులో నా వల్ల లోపం జరిగిందో దయచేసి తెలిపితే సరిదిద్దుకుంటాను అని. వారం తరువాత నర్సింగు సూపరింటెండెంటుగారు ఆమెను పిలిచి మాట్లాడారట. అసలు సంగతి ఏమిటంటే, ఉదయం డ్యూటీకి రెండుసార్లు అరగంట ఆలస్యంగా వెళ్ళింది. ఆ రెండు రోజులూ రాత్రి డ్యూటీ సిస్టరు తన బిడ్డను బడికి పంపలేకపోయారు. ఆమె బాధపడి ఫిర్యాదు చేశారు. తన ఆలస్యం వల్ల ఒక చిన్నపిల్ల బడి పోయిందని ఈ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ముందు బస్సుకే బయలుదేరుతోందని, ఆ సిస్టరుతో స్నేహంగా ఉంటోందని తండ్రి మొన్న కలిసినప్పుడు చెప్పారు.

ఆ రెండు తేదీలు, ఆ బిడ్డ బడి సంగతి మొదటి కాగితంలోనే ఉంటే, ఆయన నెమలి నుంచి పని మానుకుని మా దగ్గరకు వచ్చే అవసరమే ఉండేది కాదు.

మా బీరువాలోని పాత మెమోలను మేము చింపలేదు. అవి మా తప్పుకు గుర్తుగా ఉంటాయి. అయితే ఈ నెల నుంచి మా ఇన్‌ఛార్జి సిస్టర్లు రాసే ప్రతి కాగితం తెలుగులో, తేదీతో, ఆ మనిషి మాటతో కలిపి రాయాలని, రాసినవారు ఆ మనిషికి స్వయంగా చదివి వినిపించాలని నిర్ణయించుకున్నాం. మేము తప్పితే మీరు అడగండి.

తోటివారి గురించి నిజమే రాయడానికి, రాసింది వారి ముఖం చూసి చదవడానికి కావలసిన ధైర్యాన్ని, ప్రేమను ప్రభువు మనకందరికీ అనుగ్రహించును గాక.